అంటుకట్టిన భయం

నూకరత్నం భయపడని వస్తువంటూ కడియపులంకలో లేదని ఆమెతో మొక్కల నర్సరీలో పనిచేసే ఆడవాళ్ళు చెప్పుకునేవారు. కుక్క మొరిగితే పిచ్చికుక్కేమోనని భయం. మొరగకపోతే ఎందుకు మొరగటం లేదోనని భయం. గ్యాసు కట్టేసి వీధి మలుపు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసుకునేది. మొక్కల లోడుతో పూణే వెళ్ళిన మొగుడు గంగరాజు రెండు రింగులకి ఫోనెత్తకపోతే చాలు, మూడో రింగుకి ఆమె మనసులో లారీ లోయలో పడిపోయి ఉండేది.

చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. చేతిలో పనితనం మాత్రం ఉంది. ఆమె మామిడి అంట్లు కడితే నూటికి నాలుగైదు మించి ఎండేవి కావు. గడ్డం కింద అంగుళం పొడుగు పాతమచ్చ ఒకటి ఉండేది. ఏదైనా ఆలోచనలో పడితే దాన్ని వేలితో తడుముకోవటం అలవాటు.

అటువంటి మనిషి కడుపున హంసిని పుట్టింది.

హంసినికి తొమ్మిదేళ్ళు. మొండిపిల్ల కాదు, అల్లరిపిల్ల అంతకన్నా కాదు. పెద్దవాళ్ళు చెబితే వినేది, నవ్వేది, పాఠాలు బాగానే చదివేది. భయం ఒక్కటి తెలియదు. నాలుగో ఏట ఉడుకుతున్న పప్పులో చెయ్యి పెట్టి, బొబ్బలెక్కిన వేళ్ళకేసి వింతగా చూసుకుంది. ఏడో ఏట మోటారు షెడ్డులో ఊడిన వైరు పట్టుకోబోతుంటే ఎవరో కర్రతో కొట్టి తప్పించారు. ఎన్నిసార్లు తిట్టినా, ఒకటి రెండు సార్లు కొట్టినా, "సరేనమ్మా" అనేది. మర్నాటికి ఆ సరేనమ్మ ఏమయ్యేదో ఎవరికీ తెలియదు.

ఆ ఏడు శ్రావణంలో ఒకరోజు కొబ్బరిపొట్టు గుట్ట వెనక పిల్ల గొంతుక్కూర్చుని ఉంది. జానెడు దూరంలో రక్తపింజరి, చుట్ట చుట్టుకుని బుసకొడుతోంది.

"అమ్మా, ఇలా రా! దీనికి రెప్పలు లేవే. మరి నిద్రెలా పోద్ది?"

నూకరత్నం చేతిలో కత్తి ఎక్కడ పడిందో తెలియదు. ఒక్క పరుగున వెళ్ళి ఉత్తకాలితో పామును అవతలికి తన్నేసి, పిల్లను చంకన వేసుకుని షెడ్డు దాకా వచ్చి కూలబడింది. ఒళ్ళంతా చెమట. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

నర్సరీలో పెద్దదైన అచ్చియ్యమ్మ నీళ్ళచెంబు అందించింది. ఆమె నూకరత్నానికి వరసకు పిన్ని.

"ఓసి పిచ్చిమొహమా! పింజరిని ఉత్తకాలితో తన్నినదానివి, ఇప్పుడెందుకే ఒణుకుతావు?"

"పిల్లకేమన్నా అయ్యుంటే పిన్నీ..."

"చిన్నప్పుడు నువ్విలా ఉండేదానివి కావే. పిల్ల పుట్టాకే ఈ గాబరా పట్టుకుంది."

నూకరత్నం వినిపించుకోలేదు. ఆ వారమే పిల్లను రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడినుంచి వాళ్ళను ఆ ఊళ్ళోనే ఉన్న నరాల పరిశోధన కేంద్రానికి పంపారు.

ఆ కేంద్రంలో డాక్టర్ సువార్త తల్లినీ బిడ్డనూ పక్కపక్కనే కుర్చీల్లో కూర్చోబెట్టి, ఇద్దరి ఛాతీకీ వేళ్ళకీ బిళ్ళలు అంటించింది. ఎదురుగా తెర మీద రెండు గీతలు పాకుతున్నాయి. పచ్చది పిల్లది, ఎర్రది తల్లిది. డాక్టరు ఒక బెలూను ఊది, వెనక్కి వెళ్ళి సూదితో పొడిచింది.

పచ్చగీత కదల్లేదు. "ఇంకోటి పగలగొట్టరా?" అంది హంసిని.

డాక్టరు ఎర్రగీతను చూసి నవ్వు ఆపుకుంది. "నూకరత్నం గారూ, మీ గీత బెలూను పగలకముందే ఎగిరిందండి. నేను ఊదుతుండగానే."

"పిల్ల చెవులు పోతాయేమోనని అండి."

తరవాత డాక్టరు ఒక బాదంపప్పు తీసి పిల్ల అరచేతిలో పెట్టింది. "మన తలలో ఇంతే ఉన్న భాగం ఒకటి గంట కొడుతుందమ్మా. గుండెను పరిగెత్తించేదీ, కడుపు తిప్పేదీ అదే. నీకు ఆ గంట ఉంది, మోగించే తాడు లేదు. పుట్టుకతోనే లేదు." ఆమె తల్లివైపు తిరిగింది. "ఇది వంశంలో వస్తుందండి. మీ దగ్గర ఒక పాలు, మీవారి దగ్గర ఒక పాలు ఉండి ఉంటాయి. ఒక్క పాలే ఉన్నవాళ్ళకి ఏమీ తెలియదు. రెండూ వచ్చి ఈ పిల్లలో కలిశాయి."

"నా దగ్గరా?" నూకరత్నం మచ్చ తడుముకుంది. "నా ఒంట్లో భయంలేని విత్తనమా? నవ్విపోతారండి ఎవరన్నా వింటే!"

డాక్టరు కూడా నవ్వేసింది. ఇంత భయస్తురాలికి రక్తపరీక్ష దేనికని ఆ రోజు ఆమె నెత్తురు తియ్యలేదు. తప్పు అక్కడే జరిగింది. అది తేలటానికి మరో రెండు నెలలు పట్టింది.

డాక్టరు దగ్గర ఒక ఉపాయం ఉంది. శనగగింజంత పూసలు రెండు. ఒకదాన్ని భయం తెలిసిన మనిషి కణత మీద పెట్టుకోవాలి. ఆ మనిషి ఏం చూస్తే, ఏం వింటే గుండె ఎలా కొట్టుకుందో, ఊపిరి ఎక్కడ ఆగిందో అది నలభై రోజులు ఎదురుగా ఉన్నవాటి బొమ్మలు తీస్తూ నేర్చుకుంటుంది. నేర్చినదంతా రెండో పూసలోకి ఎక్కించి పిల్ల చెవి వెనక అతికిస్తారు. అటువంటిదే పిల్ల కంటపడితే ఆ పూస మెడ పక్కనుంచి గుండెకీ కడుపుకీ దిగే నరాన్ని కదిలిస్తుంది. తాడు లేని గంటను చేత్తో పట్టుకుని ఊపినట్టు.

"అంటే... నా భయాన్ని దానికి అంటు కడతారా?" అంది నూకరత్నం.

డాక్టరు చేతిలో కలం పక్కన పెట్టింది. "ఇంత తేలిగ్గా నేనెప్పుడూ చెప్పలేకపోయానండి."

నూకరత్నానికి నూరు అనుమానాలు. కరెంటు కొడుతుందా, కాన్సరు వస్తుందా, పిల్ల పిచ్చిది అవుతుందా? అన్నీ అడిగింది. అడిగిందే మళ్ళీ అడిగింది. కాని ఆ శ్రావణంలో చూసిన పాముకన్నా పెద్ద భయం ఆమెకు దొరకలేదు. సరేనంది.

ఆ నలభై రోజులూ నర్సరీలో ఒకటే నవ్వులు.

"ఇన్నాళ్ళకి నీ భయం ఒక పనికొచ్చిందే," అనేది అచ్చియ్యమ్మ. "గట్టిగా భయపడు. నాసిరకం ఎక్కిత్తే పిల్ల బొద్దింకను చూసి పారిపోద్ది."

నూకరత్నం చెప్పినపని తు.చ. తప్పకుండా చేసింది. పిల్ల దేనికి భయపడాలో తాను వాటన్నిటి దగ్గరికీ వెళ్ళింది. కాలవగట్టు, మోటారు షెడ్డు, హైవే, కొబ్బరిచెట్టు ఎక్కే నిచ్చెన, ఊరి చివర పాడుబావి. ఎక్కడికి వెళ్ళినా పిల్ల వెంటే ఉంది. మరి ఆ పిల్లను వదిలి ఏ తల్లి అడుగు బయట పెడుతుంది? బావి దగ్గర పిల్ల తొంగిచూస్తే తల్లి గుండె గొంతులోకి వచ్చేది. కణత మీద పూస చిన్నగా వెచ్చబడేది. నేర్చుకుంటోందన్నమాట.

పిల్ల చెవి వెనక పూస పెట్టినరోజు, ఇద్దరూ బస్సు దిగి హైవే దాటబోయారు. దూరంగా లారీ వస్తోంది. నూకరత్నం ముందడుగు వేసిందో లేదో, వెనకనుంచి చీర కుచ్చెళ్ళు పట్టి లాగింది హంసిని.

"అమ్మా! ఆగు! నా కడుపులో... ఏదో ఐసుముక్క మింగినట్టుంది!"

నూకరత్నం రోడ్డుపక్కనే మోకాళ్ళమీద కూర్చుండిపోయింది. "గుండె కొట్టుకుంటోందా?"

"కొట్టుకుంటోంది. చెవుల్లో వినపడతోంది. ఇదేనా అమ్మా? భయమంటే ఇదేనా?" పిల్ల కళ్ళు చక్రాల్లా విచ్చుకున్నాయి. "భలేగా ఉందే!"

ఏ తల్లీ బిడ్డ భయపడితే అంత సంబరపడి ఉండదు. మర్నాడు నూకరత్నం నర్సరీ అంతటికీ తాపేశ్వరం కాజాలు పంచింది.

వారం గడిచింది. వింతలు మొదలయ్యాయి. అచ్చియ్యమ్మ నిచ్చెన ఎక్కితే కింద నిలబడి ఏడుపు లంకించుకునేది హంసిని. తల్లిని స్విచ్చుబోర్డు ముట్టుకోనిచ్చేది కాదు. తండ్రి లోడుతో బయలుదేరితే రెండో రింగుకి ఫోనెత్తలేదని బిక్కమొహం వేసేది. "అచ్చం నీ అచ్చే," అన్నాడు గంగరాజు ఫోనులో. "ఇంటికొకత్తి చాలదనుకున్నావా?" నూకరత్నం మురిసిపోయింది.

ఆ మురిపెం గురువారం దాకానే.

గురువారం సాయంత్రం బడి వదిలాక పిల్ల కనపడలేదు. కాలవలో నీళ్ళాపే లాకుల దగ్గర కనపడింది. లాకు తలుపు మీద, రెండు జానల వెడల్పు ఇనప దూలం మీద, కాళ్ళు కిందికి ఊపుతూ కూర్చుని ఉంది. కింద నీళ్ళు నురగలు కక్కుతున్నాయి. చెవి వెనక పూస పచ్చగా వెలుగుతూనే ఉంది.

"భయం వెయ్యలేదటే?" దించాక అడిగింది నూకరత్నం, పిల్ల భుజాలు పట్టి ఊపేస్తూ.

"లేదమ్మా. పాడయ్యిందేమోననుకున్నా. ఇప్పుడు నువ్వు దూలం మీదకి వచ్చావు చూడు, అప్పుడేసింది. చాలా వేసింది."

కేంద్రంలో రెండు రోజులు తిప్పి తిప్పి చూశారు. పూస బాగానే ఉంది. పాము ఉన్న గాజుపెట్టె మీద పిల్ల చెయ్యి ఆనించింది, పచ్చగీత తాడులా పడుకుని ఉంది. అదే పెట్టె దగ్గరికి తల్లి వెళ్తే పచ్చగీత ఆకాశానికి లేచింది. డాక్టరు తలపట్టుకుంది.

నూకరత్నం ఇంటికి వచ్చి పనిలో కూర్చుంది. ఆమె ఆలోచనలన్నీ చేతుల్లోనే తిరిగేవి. మామిడిచెట్టు కొమ్మ పక్కన మొక్క ఉన్న కుండీ కట్టి, రెండిటికీ చెక్కు తీసి, కలిపి పట్టీ చుడుతోంది. అవతల ఒక రైతు అచ్చియ్యమ్మతో గొడవ పెట్టుకుంటున్నాడు. బంగినపల్లి అని ఇచ్చిన మొక్క అయిదేళ్ళకి పీచుమామిడి కాసిందట.

"మొక్కనంటే ఏం లాభం బాబూ," అంటోంది అచ్చియ్యమ్మ. "కొమ్మ ఏ చెట్టుదో చూసుకోకుండా కట్టుంటాడు ఎవడో. ఏ కొమ్మ కడితే ఆ కాయే కాత్తది."

నూకరత్నం చేతిలో పట్టీ ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి రాజమండ్రి వెళ్ళింది. "డాక్టరమ్మగారూ, నా పూస తీసిన బొమ్మలన్నీ ఒకసారి చూపిస్తారా?"

తెర మీద ఒక్కొక్కటే వచ్చాయి. బావి గట్టు, దాని మీద హంసిని. మోటారు షెడ్డు, లోపల హంసిని. హైవే, అంచున హంసిని.

"అన్నిట్లో పిల్లే ఉందండి," అంది నూకరత్నం. "ఒక్క దాంట్లోనైనా నేనున్నానా?"

"మీరెలా ఉంటారు? పూస మీ కణత మీద కదా..." డాక్టరు మాట మధ్యలో ఆగిపోయింది.

"అదేనండి. మన కంటికి మనం కనపడం కదా. పూస ఏం నేర్చుకుంది? ఎదురుగా ఇంకో మనిషి ప్రమాదంలో ఉంటేనే భయపడాలని నేర్చుకుంది. అది నా భయం అవుద్ది గానీ, పిల్లకి కావలసిన భయం కాదండి. నేనే తప్పు కొమ్మ కోసిచ్చాను."

డాక్టర్ సువార్త కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది. "మీరు ఏడో తరగతి వరకే చదివారా?"

"ఏడు తప్పానండి."

సరే, మళ్ళీ మొదటినుంచి చేద్దాం, ఈసారి మీరొక్కరే అంది డాక్టరు. కేంద్రంలో నాలుగో అంతస్తు నుంచి పక్క భవనానికి గాజునేల వంతెన ఉంది. కొత్తవాళ్ళకి అక్కడ కళ్ళు తిరుగుతాయి. పిల్లను బయట అచ్చియ్యమ్మ దగ్గర కూర్చోబెట్టి నూకరత్నాన్ని ఒంటరిగా దాని మీద నడవమన్నారు.

నడిచింది. మధ్యలో ఆగి కాళ్ళకిందికి చూసింది. ఎర్రగీత పడుకుని ఉంది.

"ఏమనిపిస్తోందండీ?"

"కింద టీకొట్టు కనపడుతోందండి. గొడుగు చిరిగింది."

"పడిపోతానేమో అనిపించటం లేదా?"

"నేనా?" నూకరత్నం తలెత్తింది. "నేను పడిపోతే పిల్లకి అన్నం ఎవరు..." ఎర్రగీత గబుక్కున లేచి తెర దాటిపోయింది.

ఆ రోజు ఆమె నెత్తురు తీశారు. ఫలితం వచ్చాక డాక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివింది. తండ్రి దగ్గర ఉన్నది ఒక్క పాలే అయ్యుండాలి. తల్లి దగ్గర రెండు పాలూ ఉన్నాయి. హంసినికి ఏది లేదో, నూకరత్నానికీ అదే లేదు. పుట్టుకతోనే లేదు.

"మీకోసం మీరు ఎప్పుడూ భయపడలేదండి," అంది డాక్టరు, గొంతు తగ్గించి. "భయపడలేరు. మీలో భయం పారాల్సిన పాత కాలవ పుట్టుకతోనే పూడిపోయి ఉంది. పిల్ల పుట్టినప్పుడు తల్లి ఒంట్లో కొత్త రసాలు ఊరతాయి కదా. అవి పక్కనుంచి ఇంకో బోదె తవ్వుకున్నాయి. అందులో పారేది మొత్తం వేరేవాళ్ళకోసమే. ఇలా జరుగుతుందని ఇంతవరకూ మాకు తెలియదు."

నూకరత్నం కుర్చీలోంచి లేచింది. ముప్ఫై నాలుగేళ్ళుగా తన ఒంట్లోనే కాపురం చేస్తున్న మనిషి ఎవరన్నది మొదటిసారి తెలిసినట్టుంది.

"పిన్నీ," అంది వరండాలోకి వచ్చి, "ఈ మచ్చ ఎలా వచ్చిందే?"

"బాగుంది అడగటం! పదేళ్ళప్పుడు లాకు తలుపు మీంచి పడలా? మీ అమ్మ చింతబరికె విరిగేదాకా కొట్టింది. మర్నాడు మళ్ళీ అక్కడే ఉన్నావు, మూతికి కట్టుతో." అచ్చియ్యమ్మ ముక్కున వేలేసుకుంది. "నేను చెబుతూనే ఉన్నా కదే, చిన్నప్పుడు నువ్విలా లేవని. ఇన్నావా?"

డాక్టరు దారి చెప్పింది. తనకోసం తాను భయపడే మనిషి దొరికితే చాలు. "నాదే ఇస్తాను. నాకు బల్లి అన్నా భయమే. సోమవారం నుంచి మొదలుపెడదాం. ఆ పొద్దున ఈ పూస తీసి తెస్తే, అందులోది చెరిపేసి, నలభై రోజులయ్యాక నాది ఎక్కిస్తాం." నూకరత్నం తలూపింది. దోవంతా ఆలోచిస్తూనే ఉంది. ఎవరిదో భయం. అది పిల్లలో ఏ కాయ కాస్తుంది?

శనివారం హంసిని మళ్ళీ లాకు మీదకి ఎక్కింది. నీళ్ళలో సుడి ఎటు తిరుగుతుందో చూడాలనుకుందట.

గట్టు మీదకి పరుగెత్తుకొచ్చిన నూకరత్నం అరవబోయి నోరు మూసుకుంది. కడుపులో సుడి తిరుగుతోంది. పిల్లకోసం. మరి తనకోసం? వెతుక్కుంది. ఏమీ లేదు. చెప్పులు విడిచి, చీర దోపుకుని, దూలం మీద అడుగు వేసింది. అడుగు తడబడలేదు. పదేళ్ళ పిల్ల కాళ్ళు ఆ దూలాన్ని ఇంకా మర్చిపోలేదు.

ఆమె దూలం మీద కనపడగానే హంసిని మొహం పాలిపోయింది.

"అమ్మా! రావొద్దు! పడిపోతావు!"

"నువ్వు పడవా?"

"నేనేం పడను. నువ్వు దిగు! అమ్మా, దిగవే, నీకు దణ్ణం పెడతాను!" పిల్ల పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

నూకరత్నం పిల్ల పక్కనే కూర్చుంది, కాళ్ళు కిందికి వదిలి. నీళ్ళకేసి చూసింది. సుడి ఎడమవైపు తిరుగుతోంది. చిన్నప్పుడూ అటే తిరిగేది. తొమ్మిదేళ్ళలో నీళ్ళను నీళ్ళలా చూడటం అదే మొదటిసారి. ఇంకాసేపు చూడాలనిపించింది. కాని పక్కన పిల్ల వణుకు దూలాన్ని కూడా వణికిస్తోంది.

"నువ్వు దిగితే దిగుతాను."

ఇద్దరూ చేతులు పట్టుకుని వెనక్కి పాకి గట్టు ఎక్కారు. హంసిని తల్లి పొట్టలో మొహం దాచుకుని చాలాసేపు వెక్కింది. తరవాత తలెత్తింది. అడుగుతున్నప్పుడు ఆ కళ్ళలో మళ్ళీ పాత వింత వచ్చేసింది.

"అమ్మా, నేను పైకెక్కినప్పుడల్లా నీకు ఇలాగే ఉంటుందా?"

"ఇలాగే."

"పాము దగ్గరా? బావి దగ్గరా? రోజూనా?"

"రోజూ."

పిల్ల వేళ్ళమీద ఏదో లెక్కవేసుకుంది. "మరి అన్నం ఎలా తింటున్నావే?" అంది.

సోమవారం పొద్దున్న డాక్టరు చెప్పినట్టు పూస తీసి, డబ్బాలో పెట్టి, సంచిలో వేసుకుంది నూకరత్నం. పిల్ల చెవి వెనక ఖాళీ. పూస లేని పిల్ల అంటే పాత పిల్లే. అందుకని ఇంటినుంచి హైవే దాకా చెయ్యి వదల్లేదు. బస్టాపు అవతలివైపు ఉంది. సంచి భుజం మార్చుకోవటానికి ఒక్క క్షణం చెయ్యి వదిలింది.

హంసిని అప్పటికే రోడ్డు మీదకి రెండడుగులు వేసింది. అటునుంచి మొక్కల లోడు లారీ.

నూకరత్నం చాచిన చెయ్యి పిల్లకి అందలేదు.

పిల్ల ఆగింది. లారీకేసి చూడలేదు. వెనక్కి తిరిగి తల్లిని చూసింది. రెండడుగులు వెనక్కి వేసి గట్టు ఎక్కి నిలబడింది. లారీ గాలి కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

నూకరత్నం పిల్ల ఛాతీ మీద చెయ్యి వేసి చూసింది. గుండె నిదానంగా కొట్టుకుంటోంది, నిద్రలో కొట్టుకున్నట్టు.

"ఐసుముక్క మింగినట్టుందా?"

"లేదు. ఏం లేదు."

"మరెందుకు ఆగావే?"

"నీ మొహం చూద్దామని. చూశాను." పిల్ల భుజాలెగరేసింది. "నీకు కడుపులో ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా."

నూకరత్నం మనసు ఊరుకుంటుందా? ఆ మాట చెవిన పడ్డ మరుక్షణమే ఇంకోటి పుట్టింది. "నేను లేనిచోటో? బడిలో? రేపు పెద్దయ్యి ఎక్కడో ఉంటే, అప్పుడెవరి మొహం చూత్తావు?"

హంసిని నవ్వింది. "నీ మొహం నాకు కంఠతా వచ్చేసిందమ్మా."

బస్సు వచ్చి ఆగింది. రోడ్డు దాటి వస్తున్న వాళ్ళను చూసి కండక్టరు తల బయటపెట్టాడు. "రాజమండ్రి, రాజమండ్రి! ఎక్కుతారా, లేదా?"

నూకరత్నం గడ్డం కింద మచ్చ తడుముకుంది. సంచిలో పూస డబ్బా గలగలమంది.

"ఎక్కుతాం బాబూ," అంది. "డాక్టరమ్మగారికి ఒక కొత్త సంగతి చెప్పాలి."